సహస్రాక్ష పథకంలో ఒక గోంగూర ఆకు

తాళం వేసింది మీరే. పెద్దాసుపత్రులను ఏలే పెద్దమనుషుల్లారా, తెల్లటి పలకలు పరిచి, కుళాయి తిప్పితే నీళ్లొచ్చే మరుగుదొడ్లు కట్టించి, ఆ తర్వాత వాటికి పిడికిలంత ఇత్తడి తాళం బిగించింది మీరే. కంబగిరి పేగులో ఏముందో కనబడకపోయిందంటే తప్పు కంబగిరిది కాదు, డాక్టరమ్మ కళ్లదీ కాదు, గ్రహాలదీ కాదు. మీ తాళానిది. ఎట్లాగో చెప్తాం, వినండి. మధ్యలో లేచి బాత్రూముకు పోకండి. మీకు ఉంది కాబట్టి పోగలరు. ఈ కథలో వాళ్లకు లేదు.

బసవనకొండ పెద్దాసుపత్రికి ఒక కీర్తి ఉంది. అక్కడి మరుగుదొడ్లు రాష్ట్రంలోకెల్లా శుభ్రమైనవి. 'స్వచ్ఛ కిరీటం' పోటీకి వచ్చిన న్యాయనిర్ణేతలు ముక్కులకు చేతిరుమాళ్లు అడ్డం పెట్టుకుని లోపలికి పోయి, రుమాళ్లు జేబుల్లో పెట్టుకుని బయటికి వచ్చారు. ఒక మరక లేదు, ఒక వాసన లేదు. మేస్త్రీ వేలిముద్ర సిమెంటులో ఇంకా పచ్చిగానే ఉన్నట్టుంది. ఉండదా మరి? కట్టిన నాటి నుంచి వాటిలోకి మనిషి పోలేదు. మరుగుదొడ్డిని పాడు చేసేది మనిషి, మనిషిని రానివ్వకపోతే మరుగుదొడ్డి పాడుకాదు అన్న మహాసత్యాన్ని సూపరింటెండెంటు డాక్టర్ విరూపాక్షం కనిపెట్టాడు. ఆ సత్యానికి ఇచ్చిన వెండిపూత కిరీటం ఆయన గదిలో గాజుపెట్టెలో ఉంది. తాళంచెవి శానిటరీ ఇన్‌స్పెక్టరు సుంకన్న మొలతాడుకు ఉంది. సుంకన్న రోజూ పొద్దున తలుపులు తీసి, కాసేపు గాలి తగలనిచ్చి, పసిబిడ్డను జోకొట్టినట్టు మళ్లీ మెల్లగా మూసేవాడు.

మరి రోగులు ఎక్కడికి పోయేవాళ్లంటే, శవాల గది వెనక కంపచెట్లలోకి. కడుపు నొప్పితో వచ్చినవాడూ, కాలు విరిగినవాడూ, నెలలు నిండినామే అందరూ అక్కడికే. ఆసుపత్రి మొత్తంలో కులమతాలు లేకుండా అందరూ కలిసేది అక్కడే.

కంబగిరి ఆ ఊరి పత్తి యార్డులో హమాలీ, ఇల్లు మాత్రం పల్లెలో. ఆయన వీపు ఎక్కని బేలు యార్డులో లేదు. అట్లాంటి మనిషికి నాలుగు రోజులుగా దొడ్డికి పోయినప్పుడల్లా నెత్తురు పడుతోంది. తోటి హమాలీలు మొలలన్నారు. బరువులెత్తే వాళ్లకు మామూలే, మజ్జిగ తాగు అన్నారు. కంబగిరి ఆ మాట వినలేదు. ఎందుకంటే వాళ్లన్న ఈరన్న ఆ మాట విన్నాడు. రెండేళ్లు విన్నాడు. మజ్జిగ తాగాడు, మొలల వైద్యుడి లేహ్యం నాకాడు, కడుపు మీద పసరు పట్టు వేయించుకున్నాడు. చివరికి కర్నూలు తీసుకుపోతే కోసి చూసి, చూసిందాన్ని మళ్లీ కప్పి కుట్టేసి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ పాడె ముందు కొమ్ము మోసింది కంబగిరే. అంత తేలికైన బరువు ఆయన జన్మలో ఎత్తలేదు. మనిషిలో ఏమీ మిగల్లేదు.

అందుకని నెత్తురు కనబడగానే భార్య ఉరుకుందమ్మను వెంటబెట్టుకుని పల్లె నుంచి బస్సెక్కి పెద్దాసుపత్రికి వచ్చాడు. పేగుల డాక్టరు తబస్సుమ్ చిన్న వయసు మనిషి, పెద్ద గొంతు. విషయం దాచకుండా చెప్పింది. చర్మం మీద పులిపిరి మొలిచినట్టే పేగు లోపలి గోడకు కూడా మొలుస్తుంది, దాన్నే పాలిప్ అంటారు, చాలావాటితో ఏమీ కాదు, కానీ కొన్ని ఏళ్ల మీద పెరిగి గడ్డలవుతాయి, మీ అన్నకు అదే అయ్యుంటుంది అంది. చిన్నగా ఉన్నప్పుడే కనబడితే కెమెరా గొట్టంతోనే తీసిపారేయొచ్చు, కోత లేదు, కుట్టు లేదు.

"కనబడితే గదా," అంది ఉరుకుందమ్మ.

"కనబడుతుందమ్మా. పేగు మాత్రం తోమిన గిన్నె మాదిరి ఉండాల. ఈ మందు కడవెడు నీళ్లలో కలిపి మొత్తం తాగాల. తాగితే పోతానే ఉంటాడు. చివరికి నీళ్ల మాదిరి పోతాది. అప్పుడు పిలవండి నన్ను."

ఇంటి దగ్గర తాగి వస్తామంటే కుదరదు. పల్లె గంటన్నర దూరం, ఆ మందు తాగి బస్సెక్కిన మొనగాడు ఇంతవరకు పుట్టలేదు. కాబట్టి వార్డులోనే తాగాలి. కంబగిరి తాగడం మొదలుపెట్టాడు. ఉప్పూ నిమ్మకాయా సబ్బూ కలిపినట్టున్న ఆ నీళ్లు మూడు చెంబులు దిగేసరికి కడుపులో బండి కదిలింది. వార్డు చివర తెల్లటి తలుపు కనబడితే అటు పరిగెత్తాడు. తలుపు ముందు స్టూలు మీద సుంకన్న ఉన్నాడు.

"యాడికప్పా?"

"దొడ్డికి."

"ఇది దొడ్డికి కాదు, పోటీకి," అన్నాడు సుంకన్న, కోపమేమీ లేకుండానే, గుళ్లో చెప్పులు విడవమని చెప్పినంత మామూలుగా. అని, శవాల గది వైపు వేలు చూపించాడు.

వెనక ముడులుండే ఆసుపత్రి చొక్కా తొడుక్కున్న కంబగిరి, ఆ ముడులు ఒక చేత్తో పట్టుకుని, చెంబు ఇంకో చేత్తో పట్టుకుని, ఆవరణ దాటి కంపల్లోకి ఉరికాడు. వచ్చాడు. మళ్లీ ఉరికాడు. మూడోసారి పోయేసరికి పందులు ఆయన్ను గుర్తుపట్టి ముందే వచ్చి నిలబడ్డాయి. నాలుగోసారి తిరిగి వస్తుంటే దారిలో యార్డు వ్యాపారి ఎదురై ఏం కంబగిరీ అని పలకరించాడు. అంతే, మిగిలిన మందు తాగనని మంచమెక్కి అడ్డం తిరిగాడు. ఉరుకుందమ్మ దాన్ని తీసుకుపోయి వరండాలో క్రోటను కుండీలో పోసింది. ఆ క్రోటను ఏమైందో ఇక్కడ అనవసరం.

మర్నాడు తబస్సుమ్ గొట్టం పెట్టి చూసింది. వానాకాలం వంక బురదనీళ్లలో రూపాయి బిళ్ల వెతికినట్టే అయింది. ఏమీ కనబడలేదు. ఒక్క కంబగిరిదే కాదు, ఆమె ఆ ఏడాది చూసిన అందరి పేగులూ అట్లాగే ఉన్నాయి, ఎందుకంటే అందరూ తాగింది సగమే. ఆమె సూపరింటెండెంటు గదికి పోయి తాళంచెవి అడిగింది. ఆయన కిరీటం వైపు చూపించాడు, కూర్చోమని కూడా అనలేదు.

సరిగ్గా అప్పుడే రాజధానిలో ఎవరో లెక్క తీశారు. బసవనకొండలో ఇన్ని పరీక్షలు జరిగితే పాలిప్ ఒక్కటీ దొరకలేదేమని, గుర్తింపు తక్షణమే మెరుగుపరచమని రాష్ట్ర ఆరోగ్య మిషన్ డైరెక్టరు నుంచి తాఖీదు వచ్చింది. డాక్టర్ విరూపాక్షం సమావేశం పెట్టాడు. ఆయన మామూలుగా మాట్లాడేటప్పుడు మామూలు మనిషే. బల్ల చివర కూర్చుంటే మాత్రం నోట్లో నుంచి జీవోలే వచ్చేవి.

"పాలిప్ అనునది కనబడు వస్తువు," అన్నాడు. "కనబడు వస్తువు కనబడనిచో లోపము వస్తువునందు లేదు, చూచువారియందు కలదు. కావున ఇది నేత్ర సంబంధమైన అంశముగా ఈ సభ గుర్తించుచున్నది."

తబస్సుమ్ లేచి ఇది కంటి సమస్య కాదని, కడుపు ఖాళీ కాని సమస్య అని, మరుగుదొడ్ల తాళం తీస్తే రేపటి నుంచే పాలిప్‌లు కనబడతాయని చెప్పింది. దానికి ఆయన, ఒక ఉన్నతమైన నేత్ర సంబంధ అంశమును మేడమ్ గారు మరుగుదొడ్డి స్థాయికి దిగజార్చుట విచారకరము అన్నాడు. సభ విచారించింది. అప్పుడు ఆమె ఒక పొరపాటు చేసింది. పోనీ నాతోపాటు ఒక నర్సు కూడా తెర మీద చూస్తుంటే కొంత మేలు, రెండో జత కళ్లు ఉంటే తప్పిపోయేవి తగ్గుతాయని పుస్తకాల్లో ఉంది అంది. విరూపాక్షం కళ్లు మెరిశాయి. రెండో జత మేలు చేస్తే ఇరవయ్యో జత ఎంత మేలు చేయాలి?

ఆ విధంగా 'సహస్రాక్ష పథకం' పుట్టింది. దేవేంద్రుడికి ఒంటినిండా వెయ్యి కళ్లు ఉన్నట్టు ఇకమీదట మన ఆసుపత్రికి కూడా అన్నాడు సూపరింటెండెంటు. దేవేంద్రుడికి ఆ కళ్లు ఏ పని చేస్తే వచ్చాయో తెలిసిన స్టోరు గుమాస్తా ఒక్కడు తల దించుకుని నవ్వుకున్నాడు. ఉత్తర్వు ప్రకారం పరీక్ష జరిగేటప్పుడు ఖాళీగా ఉన్న సిబ్బంది అందరూ గదిలో నిలబడి తెర చూడాలి. ఖాళీగా ఉన్న సిబ్బందికి ఆ ఆసుపత్రిలో ఎప్పుడూ కొరత లేదు. అంబులెన్సు డ్రైవరు, టైపిస్టు, స్టోరు గుమాస్తా, లిఫ్టు లేని ఆసుపత్రిలో లిఫ్టు ఆపరేటరు, క్యాంటీను మేనేజరు, అందరికీ కళ్ల పరీక్ష చేయించి ఉచితంగా అద్దాలు ఇచ్చారు. రోజూ పొద్దున కుడిచెయ్యి కంటి మీద పెట్టుకుని, చూస్తామని, చూసినదాన్ని వదలమని ప్రమాణం చేయించారు. పైనుంచి ఒక పెట్టె కూడా వచ్చింది. అది తెరను తనే చూసి, పాలిప్ అనుకున్నదాని చుట్టూ పచ్చ గీత గీసి గంట కొడుతుంది. మొదట్లో అది సరిగ్గా పనిచేసేది, అంటే కొట్టేది కాదు. సూపరింటెండెంటు కంపెనీ మనిషిని పిలిపించి దాన్ని ఇంకాస్త ఉత్సాహంగా ఉండేటట్టు సరిచేయించాడు.

కంబగిరికి మళ్లీ పిలుపు వచ్చింది. ఈసారి కూడా అదే మందు, అదే తాళం, అవే కంపలు, రెండు చెంబుల దగ్గరే ఆపాడు. ఆకలికి ఆగలేక ముందురోజే క్యాంటీనులో టమాటా వేసిన గోంగూర పప్పుతో సంగటి కూడా తిన్నాడు. మత్తు డాక్టరు సెలవులో ఉన్నందువల్ల బల్ల మీద పక్కకు తిరిగి పడుకుని అన్నీ వింటూనే ఉన్నాడు. వెనక పెళ్లిచూపులకు వచ్చినంతమంది జనం. ఎవరో ముందున్నవాణ్ని వంగమంటున్నారు, కనబడటం లేదని.

"అదుగో సార్, ఎడం పక్కన, ఎర్రంగా," అన్నాడు డ్రైవరు. గంట మోగింది. చప్పట్లు కొట్టారు.

"అది టమాటా తొక్క," అంది తబస్సుమ్.

"ఎరుపు, గుండ్రము, గోడను అంటిపెట్టుకుని యున్నది," అన్నాడు విరూపాక్షం. "నిర్వచనమునకు సరిపోయినది. నమోదు చేయుడు."

తర్వాత టైపిస్టుకు ఒకటి దొరికింది. తర్వాత పెట్టెకు వరసగా నాలుగు. ఆపైన లిఫ్టు ఆపరేటరు పచ్చగా ఉన్నదాన్ని ఒకదాన్ని పట్టాడు. పచ్చ పాలిప్ లోకంలో ఇంతవరకు ఎవరూ చూడలేదు కాబట్టి గదిలో భక్తి లాంటి నిశ్శబ్దం ఆవరించింది. ఆ నిశ్శబ్దంలో క్యాంటీను మేనేజరు, అది నా పప్పులో గోంగూరే సార్, కాడ చూడండి అన్నాడు. తన సరుకు గురించి తనే సాక్ష్యం చెప్పడం నిష్పక్షపాతం కాదని ఆయన్ను బయటికి పంపించేశారు.

గంట మోగినప్పుడల్లా కంబగిరి కళ్ల ముందుకు ఈరన్న వచ్చి నిలబడ్డాడు. గంట పదకొండుసార్లు మోగింది, పదకొండు మంది ఈరన్నలు. బయట వరండాలో ఉరుకుందమ్మ చప్పట్లు విని ఎవరికో మగపిల్లాడు పుట్టాడనుకుంది. డ్రైవరు బయటికి వచ్చి, మీ ఆయనకు పదకొండమ్మా, జిల్లా రికార్డు అని చెప్పి చెయ్యి చాచాడు, కానుక కోసం. సాయంత్రం కంబగిరికి దండ వేసి, 'ఉత్తమ పాలిప్ దాత' అని రాసిన పటం చేతికిచ్చి ఫోటో తీశారు. ఫోటోలో అందరూ నవ్వుతున్నారు, దండ వేసుకున్నవాడు తప్ప. ఇంట్లో గోడకు తగిలించిన అన్న ఫోటోకు కూడా అదే రకం దండ ఉంది.

చీకటి పడకముందే ఇద్దరూ తబస్సుమ్ గదికి పోయారు. పదకొండు గడ్డలున్న మనిషి ఎన్నాళ్లు బతుకుతాడని ఉరుకుందమ్మ అడిగింది. దేవుడికి ఏం మొక్కాలో కూడా దారిలోనే అనుకుని వచ్చింది.

"పదకొండు లేవమ్మా. టమాటా తొక్కలు, గోంగూర ఆకు, మిగిలినవన్నీ పేగుకు మామూలుగా ఉండే ముడతలు."

ఉరుకుందమ్మ ఊపిరి పీల్చుకుంది. కంబగిరి పీల్చుకోలేదు.

"అయితే నాకు ఒక్కటీ ల్యాదా మేడమ్?"

"ఉందో లేదో నాకు తెలీదన్నా. నీ పేగు నేనింకా చూడనే లేదు."

"ఇంతమంది చూసినారు గదా?"

"వాళ్లు నువ్వు తిన్న అన్నం చూసినారు."

కంబగిరి పటాన్ని బోర్లా తిప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. నెత్తురు ఆ పొద్దున కూడా పడింది.

అక్కడితో ఆగినా బాగుండేది. విరూపాక్షం లెక్కలు చదివే మనిషి. మందు ఎక్కువ తాగినవాళ్లలో పాలిప్‌లు తక్కువ, తక్కువ తాగినవాళ్లలో ఎక్కువ, అసలు తాగనివాళ్లలో లెక్కలేనన్ని దొరుకుతున్నాయని ఆయన గమనించాడు. దీన్నిబట్టి పేగు కడిగే మందు విలువైన పాలిప్‌లను కొట్టుకుపోయేటట్టు చేస్తోందని తేలింది. స్టోరులో మందు ఆపించాడు. దాని బదులు పరీక్షకు ముందు రోగులకు 'గుర్తింపు భోజనం' పెట్టాలని ఉత్తర్వు ఇచ్చాడు: టమాటా పచ్చడి, గోంగూర, తొక్కతో సహా శెనగలు. క్యాంటీను మేనేజరుకు పోయిన గౌరవం తిరిగి వచ్చింది. బసవనకొండ గుర్తింపు నూటికి నూరు దాటి, మూడొందలు దాటి, రాష్ట్రంలో ప్రథమ స్థానానికి పోయింది. పక్క జిల్లాల వాళ్లు బస్సుల్లో వచ్చి చూసిపోయారు. తబస్సుమ్‌కు మాత్రం, ఇతరులందరికీ తొమ్మిదేసి కనబడినచోట మీకు సున్న కనబడుటకు కారణమేమో తెలుపవలెనని మెమో వచ్చింది.

ఇంత గొప్ప పని చూడటానికి మిషన్ డైరెక్టరే స్వయంగా వస్తున్నాడని కబురొచ్చింది. పెద్ద తెర మీద ప్రత్యక్ష ప్రదర్శన. దాత ఎవరు? ఇంకెవరు, కంబగిరే. అదే రోజు స్వచ్ఛ కిరీటం న్యాయనిర్ణేతలు కూడా రెండో కిరీటానికి తనిఖీకి వస్తున్నారు. విరూపాక్షం ఆనందానికి హద్దులు లేవు. ఒకే రోజు పైనా కిందా రెండు కీర్తులు.

తబస్సుమ్ కంబగిరిని పక్కకు పిలిచి ఒక చీటీ చేతిలో పెట్టింది. బయట మందుల షాపులో ఆ పొడి దొరుకుతుంది. ఆ రోజు గదిలో ఎంతమంది పెద్దలైనా ఉండనీ, గొట్టం నా చేతిలో ఉంటుంది, నీ పేగు కడిగి ఉంటే చాలు, మడత మడత చూస్తాను అంది.

"తాగుతా మేడమ్. కడవ మొత్తం తాగుతా. పోయేది యాడికి?"

ఉరుకుందమ్మ అప్పటికి కొన్ని రోజులుగా సూపరింటెండెంటు గది కిటికీ పక్కన తూములో నుంచి నీళ్లు కారుతూ ఉండటం చూస్తోంది. ఎండాకాలంలో కూడా అక్కడ పచ్చిగడ్డి ఉంది.

"ఆ సంగతి నేను చూసుకుంటా గానీ, నువ్వు తాగు," అంది మొగుడితో.

ఆ రోజు తెల్లారుజామున క్యాంటీను వాళ్లు తెచ్చిన గుర్తింపు భోజనాన్ని పందులకు పెట్టి, కంబగిరి కడవ ఎత్తాడు. బేలు ఎత్తినంత పట్టుదలగా దింపకుండా తాగాడు. పొద్దెక్కేసరికి కడుపులో బండి కదిలింది. అదే సమయానికి విరూపాక్షం పూలగుత్తితో గేటు దగ్గర నిలబడ్డాడు. మరుగుదొడ్లకు బంతిపూల తోరణాలు కట్టారు, తాళాలకు పసుపు కుంకుమ పెట్టారు. కంబగిరి వాటి ముందు నుంచే నడిచిపోయాడు, వాటి వైపు చూడను కూడా చూడలేదు. నేరుగా సూపరింటెండెంటు గదిలోకి పోయి, గాజుపెట్టెలో కిరీటం పక్కనున్న బాత్రూము తలుపు తీసి, లోపల గడియ పెట్టుకున్నాడు. ఉరుకుందమ్మ బయట ఆ తలుపుకు వీపు ఆనించి, కాళ్లు చాపి కూర్చుంది.

మిషన్ డైరెక్టరు కారులో నాలుగు గంటలు ప్రయాణం చేసి వచ్చాడు. పెద్దమనిషి, చక్కెర జబ్బు కూడా ఉంది. కారు దిగి దండ వేయించుకుంటూనే, ముందు ఒకసారి మీ గదికి వెళ్దాం అన్నాడు మెల్లగా. విరూపాక్షం అర్థం చేసుకుని వినయంగా దారి తీశాడు. గదిలో అడుగుపెట్టి ఉరుకుందమ్మను చూసి ఆగిపోయాడు.

"ఎవరమ్మా నువ్వు?"

"లోపలున్న ఆయప్ప పెండ్లాన్ని సార్."

"లోపల ఎవరు?"

"మీ పాలిప్ దాత."

బయటికి రమ్మనమని ఆయన అంటే, నీళ్ల మాదిరి అయ్యేదాంకా రాడు సార్, ఇప్పుడిప్పుడే పసుప్పచ్చకు వచ్చినాడు అని ఆమె ఓపిగ్గా వివరించింది. డైరెక్టరు కాలు మార్చి కాలు మీద నిలబడ్డాడు. విరూపాక్షం చెమట తుడుచుకుని, వేరేచోట రాష్ట్రంలోకెల్లా గొప్ప మరుగుదొడ్లు ఉన్నాయి సార్ అని ఆయన్ను తోరణాల దగ్గరికి తీసుకుపోయాడు. తాళం తియ్యమన్నాడు. సుంకన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తాళంచెవి నా దగ్గర లేదు సార్. ఎవరూ ముట్టకుండా కవర్లో పెట్టి సీలేసి జడ్జీలకు పంపమని మీరే గదా ఆర్డరిచ్చినారు. హోదాతో నిమిత్తం లేకుండా ఎవరికీ తియ్యగూడదని కూడా రాపిచ్చినారు."

"జడ్జీలు ఎక్కడున్నారు?"

"ఘాటు రోడ్డు మీద. బండికి పంచరు పడిందంట."

డైరెక్టరు గారి ముఖంలో రంగులు మారాయి. ఆయన ఏ భాషలో ఏమన్నాడో ఎవరికీ అర్థం కాలేదు, భావం మాత్రం అందరికీ అర్థమైంది. సుంకన్నకు జాలేసింది. చెంబులో నీళ్లు పట్టి ఆయన చేతికిచ్చి, శవాల గది వెనక్కు దారి చూపించాడు. మూడో పొద మంచిదని, ముండ్లు తక్కువని, పందులొస్తే అదిలించొద్దని, వాటి పని అవి చూసుకుంటాయని చెప్పి, తను మర్యాదగా అటు తిరిగి నిలబడ్డాడు. రాష్ట్రంలో పాలిప్‌ల గుర్తింపు మొత్తానికి బాధ్యుడైన మనిషి మెడలో బంతిపూల దండతో కంపల్లోకి నడిచాడు.

ఆయన తిరిగి వచ్చి, కోటు మోచేతికి అంటుకున్న తుమ్మముల్లు ఎవరూ పీకలేక, అట్లాగే ముందు వరసలో కూర్చున్నాక ప్రదర్శన మొదలైంది. గొట్టం లోపలికి పోయింది. పెద్ద తెర మీద పేగు కనబడింది. అందరూ ముందుకు వంగారు. అది గులాబి రంగులో, అభ్యంగన స్నానం చేయించిన పసిబిడ్డలాగా మెరుస్తోంది. తొక్క లేదు, ఆకు లేదు, గింజ లేదు. డ్రైవరు అద్దాలు తుడుచుకున్నాడు. టైపిస్టు కళ్లు నులుముకున్నాడు. గంట కొట్టే పెట్టె కిక్కురుమనలేదు.

"రోగి మోసము చేసినాడు," అన్నాడు విరూపాక్షం. "శుభ్రపడి వచ్చినాడు."

తబస్సుమ్ ఆయన మాట విన్నట్టు కూడా కనబడలేదు. గొట్టాన్ని వెనక్కి లాగడం మొదలుపెట్టింది. తొందర లేకుండా, ఒక్కో మడతనూ పక్కకు నొక్కి, నీళ్లు చిమ్మి, దాని వెనకాల చూసి, ఆ తర్వాతే ఇంకో మడతకు వచ్చింది. వెనక కుర్చీల్లో ఆవులింతలు మొదలయ్యాయి. ఒక మడత దగ్గర ఆమె చెయ్యి ఆగింది. మళ్లీ ముందుకు తోసి, మళ్లీ వెనక్కి తెచ్చి, మడతను వంచింది. దాని చాటున కందిబేడంత, పప్పుబద్దంత, ఒకటి ఉంది. పక్క గోడ రంగులోనే ఉంది. ఇన్ని కళ్లలో ఎవరికీ కనబడలేదు. పెట్టెకు కూడా కనబడలేదు, అది టమాటా తొక్కలకు అలవాటు పడింది. తబస్సుమ్ సన్నటి తీగ ఉచ్చు పంపి, దాని మొదట్లో బిగించి, తుంచి తీసేసింది.

బల్ల మీద నుంచి కంబగిరి తెర వైపు మెడ తిప్పి చూశాడు.

"అదేనా మేడమ్?"

"అదే."

"మా యన్నకు గూడ మొదట్లో ఇంతే ఉండెనా?"

"ఇంతే ఉండుంటాది."

కంబగిరి కళ్లు మూసుకున్నాడు. కందిబేడంత. పాడె కొమ్ము భుజం మీద ఇంకా ఉన్నట్టే ఉంది.

వారం రోజులకు ల్యాబు నుంచి జవాబు వచ్చింది. వదిలేస్తే గడ్డయ్యే రకమేనని, వేరు దాకా మొత్తం వచ్చేసిందని, భయం లేదని, మూడేళ్లకు మళ్లీ చూపించుకోమని తబస్సుమ్ చెప్పింది. ఆ ఆసుపత్రిలో సహస్రాక్ష పథకం మొదలైనప్పటి నుంచి దొరికిన వేలాది పాలిప్‌లలో నిజమైన పాలిప్ అదొక్కటే.

దాన్ని లెక్కలో చేర్చుకోలేదు. విచారణ సంఘం కూర్చుని, నిబంధనలకు విరుద్ధముగా శుభ్రపడిన పేగునందు దొరికినది గనుక చెల్లదని తీర్మానించింది. దాతకు పదకొండు ఉండగా ఒకటికి తగ్గించినందుకు తబస్సుమ్‌కు రెండో మెమో ఇచ్చారు. అధికారిక మరుగుదొడ్డిని అనధికారికంగా వాడినందుకు కంబగిరి పటాన్ని వెనక్కి ఇమ్మన్నారు. సూపరింటెండెంటు బాత్రూముకు రెండు తాళాలు వచ్చాయి. పంచరు వేయించుకుని పొద్దుగూకి వచ్చిన జడ్జీలు రెండో కిరీటం, సుంకన్నకు తాళంచెవి ఇచ్చిపోయారు. ఇక మిషన్ డైరెక్టరు మాత్రం ఊరికే ఉండలేదు. స్వయంగా అనుభవించి వచ్చిన మనిషి కదా, రాజధానికి పోగానే ఉత్తర్వు పంపాడు. కంపచెట్ల సుందరీకరణ. పొదపొదకూ నంబరు పలక, సోలారు దీపం, పందులు రాకుండా కంచె. ప్రారంభోత్సవానికి శిలాఫలకం కూడా చెక్కించారు.

ఆ శిలాఫలకం దించడానికి యార్డు హమాలీలను పిలిచారు. హమాలీలు వచ్చారు, కంబగిరి ముందు నడుస్తున్నాడు. అందరి చేతుల్లోనూ తలా ఒక చెంబు ఉంది. రాయిని బండి మీదే వదిలేసి, నేరుగా తోరణాలు వాడిపోయిన తెల్లటి తలుపుల ముందుకు వచ్చి కూర్చున్నారు. ఉరుకుందమ్మ సుంకన్న స్టూలు లాగి దాని మీద కూర్చుంది. విరూపాక్షం బయటికి వచ్చి, మీ కోరికలను నిర్ణీత నమూనాలో సమర్పించవలెను అన్నాడు.

కంబగిరి లేచి నిలబడి చెప్పాడు. నమూనా లేదు, కాగితం లేదు. తలుపులు తియ్యండి, రాత్రీ పగలూ తీసే ఉంచండి. కుళాయిలో నీళ్లు ఆపొద్దండి. మనిషి పోతే మరక పడుతుంది, పడితే కడిగేవాళ్లకు సరిగ్గా జీతమిచ్చి కడిగించండి. మందును స్టోరులోకి తిరిగి తెప్పించండి. గదిలో డాక్టరమ్మ, నర్సు తప్ప ఇంకెవరూ ఉండొద్దు, ఆమె గొట్టం వెనక్కి లాగేటప్పుడు తొందర పెట్టొద్దు. పటాలు వద్దు, గంటలు వద్దు, కిరీటం పెట్టుకునే తల ఉంటే మీరే పెట్టుకోండి.

"మేము హమాలీలం సార్," అన్నాడు చివర్లో. "తాళం మీరు తీస్తే తలుపు మీకు మిగుల్తాది. ల్యాకుంటే చట్రంతో సహా మోసుకుపోయి మీ బల్ల మీద దించుతాం. మాకది బరువు గాదు."

పరిశీలనకు కొంత వ్యవధి కావాలన్నాడు విరూపాక్షం.

వ్యవధి లేదు. ఇది మీకూ, మీ పైవాళ్లకూ, వాళ్ల పైవాళ్లకూ చెప్తున్నాం. అదుగో, వార్డులో కిటికీ పక్క మంచం మీద కొత్తగా చేరినామె బయట కొనుక్కొచ్చిన మందు మూడో చెంబు ఎత్తింది. ఆమెకు కూడా నెత్తురు పడుతోంది, ఆమెకు కూడా ఒక అన్నో తమ్ముడో పోయుంటాడు. ఇంకాసేపట్లో ఆమె లేచి, ఒక చేత్తో చొక్కా ముడులు పట్టుకుని, ఈ తలుపు వైపే వస్తుంది. అప్పటికి తాళం తీసి ఉండాలి. సుంకన్నా, మొలతాడు మీద చెయ్యి వెయ్యి. సూపరింటెండెంటు గారూ, పక్కకు జరగండి. తియ్యండి తాళం.